యమున పేరుతో పోయిన డబ్బా

సరళ భయపడకుండా గడిచిన రోజును శామీర్‌పేటలో ఎవరూ చూడలేదు. భర్త యాదయ్య చేపల కోసం చెరువులోకి దిగితే మునిగిపోతాడని భయం. దిగకుండా ఇంట్లో కూర్చుంటే ఒంట్లో ఏదో బాగాలేక దాచిపెడుతున్నాడని భయం. ఫోను మోగితే ఎవరో పోయారనుకునేది. మోగకపోతే, ఆ కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమో అనుకునేది. పది దాకా చదివింది కాబట్టి పేపర్లో చావు వార్తలు తనంతట తనే చదువుకోగలదు. అదొక్కటే ఆ చదువు వల్ల ఆమెకు కలిగిన నష్టమని యాదయ్య అంటుంటాడు.

అలాంటి ఇంట్లో పుట్టి, యమున మాత్రం దేనికీ జంకని పిల్లగా పెరిగింది. మేడ్చల్ కాలేజీలో డిగ్రీ చేసింది. ఆ తర్వాత సూక్ష్మజీవుల మీద పీజీ కూడా చేసింది. జీడిమెట్లలో మందుల కంపెనీ పిలిస్తే, ఆ గాలి పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయని సరళ రెండు పూటలు అన్నం మానేసి ఆపించింది. అందుకని రెండో ఉద్యోగం సంగతి యమున ఒప్పుకున్నాకే ఇంట్లో చెప్పింది. తుర్కపల్లి దారిలో ఒక ల్యాబు ఉంది. ఆస్పత్రుల్లో ఏ మందుకూ లొంగని రోగుల దగ్గర్నుంచి సూక్ష్మజీవులను తెచ్చి, వాటికి అంత మొండితనం ఎలా వచ్చిందో అక్కడ చూస్తారు.

సరళ పొయ్యి ముందు నుంచి లేచొచ్చి కూర్చుంది.

"అంటే రోగాలే గదనే. రోగాలు తెచ్చి పెంచుతరా?"

"పెంచుతరమ్మా. పెంచకపోతె ఎట్ల తెలుస్తది?"

"మనింట్ల కోళ్ళను పెంచినట్టా?"

"కోళ్ళకంటె మంచిగ. టైముకు తిండి పెడ్తరు, వేడి సూస్తరు."

వల చిక్కు విప్పుకుంటున్న యాదయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "అయితె మన కోళ్ళను గూడ ఆడ్నే చేర్పియ్యి బిడ్డా. గీడ వాటిని సూసెటోళ్ళు లేరు."

తండ్రీ కూతుళ్ళు నవ్వుకున్నారు. సరళ నవ్వలేదు. కానీ ఈసారి అన్నం మానలేదు కూడా. పిల్ల ముఖంలో ఉన్న వెలుగు చూసి, ఈ ఉద్యోగాన్ని తాను ఆపలేదని ఆమెకు అర్థమైంది. ఇక మిగిలిన పని, అది ఊడిపోకుండా కాపాడడం. భయం ఎటు తిరిగినా భయమే కదా. అప్పటిదాకా ఉద్యోగం వస్తుందేమోనని భయపడిన మనిషి ఆ రోజు నుంచి పోతుందేమోనని భయపడసాగింది.

ఆ పోయే దారి కూడా ఆమెకు వెంటనే కనబడింది. చేరేముందు ప్రతివాళ్ళూ ఒక చిన్న డబ్బాలో తమ మలం కొంచెం తెచ్చివ్వాలని ల్యాబులో పద్ధతి. మూతకే చిన్న చెంచా ఉన్న ప్లాస్టిక్ డబ్బా. దాని మీద యమున పేరు, ఒక అంకె.

"గిదేం అడుగుడే?" అంది సరళ.

"ఇప్పుడు నా పొట్టల ఏమేం బ్యాక్టీరియా ఉన్నయో ముందే రాసిపెట్టుకుంటరు. రేపు ల్యాబుల ఉన్నది నాకు అంటితె, గది ఆడ్నుంచొచ్చిందా, ఇంటి నుంచే తెచ్చుకున్ననా అని తెలవాలె గద."

"మంచిగ లేకపోతె?"

"మంచి చెడ్డ ఏముండదమ్మా. ఊకె సూసుకునుడే."

ఊకెనే ఎవరైనా ఇలాంటిది అడుగుతారా? సరళకు నమ్మకం కుదరలేదు. పెళ్ళి చూపులకు వచ్చినవాళ్ళు కూడా ఊకెనే వచ్చామంటారు. పైగా పోయిన నెలలోనే యమునకు జ్వరం వచ్చింది. మేడ్చల్ డాక్టరు గట్టి మందులు రాస్తే పిల్ల ఒక్క మాత్ర కూడా మానకుండా అన్నీ మింగింది.

"గా జ్వరం సంగతి ఆడ చెప్పకు."

"చెప్పిన. మందులు ఏమేం వాడిన్రని అడిగిన్రు."

"అడిగితె చెప్తవా? గట్ల చెప్పుకుంట పోతె నౌకరి ఎవరిస్తరే?"

యమున నవ్వి ఊరుకుంది. సరళ మాత్రం ఊరుకోలేదు. అన్ని మందులు మింగిన పొట్టలో ఏముంటుంది? చెత్తే ఉంటుంది. అది చూసి ల్యాబులో పెద్ద మేడం, ఈ పిల్ల మాకొద్దంటుంది. అదే తన పొట్ట అయితే? సరళ డాక్టరు మెట్లెక్కి ఏళ్ళయింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పొలం కూర తినే ఒళ్ళు. ఆ పిల్ల పుట్టింది కూడా ఆ పొట్టలోంచే. ఇందులో మోసం ఎక్కడుంది?

మరునాడు పొద్దున యమున తన పని ముగించి, డబ్బాను కవర్లో పెట్టి, పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఉంచి స్నానానికి పోయింది. ఆ తర్వాత సరళ చేసిన పనిని విడమరిచి చెప్పడం మర్యాద కాదు. డబ్బా ఖాళీ అయిందనీ, పొయ్యి మీద కాగుతున్న నీళ్ళతో కడగబడిందనీ, మళ్ళీ నిండిందనీ తెలుసుకుంటే చాలు. యమున తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి అది మునుపటి చోటే, అదే కవర్లో, అదే మూతతో కూర్చుని ఉంది.

"ఏందమ్మా, గట్ల ఆయాసపడుతున్నవ్?"

"కోడిని అదిలించిన."

యమున స్కూటీ మీద డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. సరళ గుమ్మంలో నిలబడి చూసింది. రేపు పెళ్ళి చేసి పంపేటప్పుడు కూడా ఇంత ధీమాగా ఉండనేమో అనుకుంది.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో పండుగలా గడిచాయి. యమున తెల్లకోటు వేసుకుని ఫొటో పంపింది. యాదయ్య దాన్ని చేపల సంఘంలో అందరికీ చూపించాడు. డాక్టరమ్మ అయిందా అని వాళ్ళడిగితే కాదనలేదు. సరళ రాత్రిపూట నిద్ర కూడా పోయింది. ఇదేం రోగమోనని ఆ నిద్ర గురించి మాత్రం కొంచెం కంగారుపడింది.

ఒక సాయంత్రం యమున స్కూటీ ఆపీ ఆపకుండానే వంటింట్లోకి దూసుకొచ్చింది.

"అమ్మా, నా పొట్టల ఏమున్నదో ఎరికేనా?"

పెళ్ళి కాని పిల్ల ఆ మాట అనేసరికి సరళ చేతిలో గరిటె పులుసులో పడిపోయింది. యమునకు సంగతి తట్టడానికి కొంచెం సేపు పట్టింది. తట్టాక గోడకు ఆనుకుని నవ్వింది.

"గది గాదు తల్లీ. బ్యాక్టీరియా. గిది సూడు."

ఫోనులో ఒక గుండ్రటి పళ్ళెం బొమ్మ. పళ్ళెం నిండా పలచటి తెల్లటి పొర. దాని మీద అక్కడక్కడ బటానీ గింజంత కాగితపు బిళ్ళలు.

"ఒక్కో బిళ్ళల ఒక్కో మందు ఉంటది. మందు పనిచేస్తె బిళ్ళ సుట్టూ బ్యాక్టీరియా సచ్చి ఖాళీ అయితది. గిదిగో, గీ రెండింటి కాడ అయింది. మిగిలిన వాటి కాడ సూడు. బిళ్ళను ఆనుకోని పెరిగింది. దానికి లెక్కనే లేదు."

"గిది నీదా?" అంది సరళ.

"నాదే. నేనిచ్చిన డబ్బాలదే."

యాదయ్య ఫోను తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. "మస్తు గట్టిదే. గన్ని మందులను ఎట్ల తట్టుకుంటాంది?"

యమున నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెప్పాలన్న సరదా ఆమె వేళ్ళల్లోనే కనబడుతోంది.

"దాని లోపల జన్యువులు ఉంటయి నాయినా. ఏం జేయాల్నో రాసిపెట్టిన ఉపాయాలనుకో. ఒకటి కత్తెర తయారుజేస్తది, మందు రాంగనే కత్తిరించి పారేస్తది. ఒకటి మోటరు లెక్క. లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే ఎత్తి బయట పోస్తది. ఇంకోటి తాళం మారుస్తది, మందు కాడ ఉన్న చెవి ఇగ పట్టదు."

"గవన్నీ గదే నేర్సుకుందా?"

"నేర్సుకోలె. ఇంకో బ్యాక్టీరియా ఇచ్చింది. గీ ఉపాయాలన్ని ఒక చిన్న రింగు మీద వరుసగ ఉన్నయి, గాజు లెక్క. పక్కపక్కన ఉన్నప్పుడు ఒకటి ఇంకోదానికి గా రింగుకు నకలు తీసి ఇస్తది. గంతే, తీసుకున్నది గూడ గట్టిదైతది."

"ఊకెనే ఇస్తదా?"

"ఊకెనే. తన జాతి గాకపోయినా ఇస్తది."

"మనూరోళ్ళకంటె నయమే," అన్నాడు యాదయ్య. "గీడ తెప్ప అడిగితె సొంత తమ్ముడే ఇయ్యడు."

యమున అసలు సంగతి అప్పుడు చెప్పింది. కొత్తగా చేరినవాళ్ళల్లో ఇన్ని జన్యువులున్న రింగు ఎవరి దగ్గరా దొరకలేదు. శనివారం ల్యాబులో అందరి ముందూ దాని గురించి మాట్లాడమని ల్యాబు పెద్ద మేడం పార్వతీదేవి ఆమెకే చెప్పింది. ఇక ముందు పని కూడా దాని మీదే. కొన్నాళ్ళకు మళ్ళీ డబ్బా ఇస్తుంది, అప్పుడు దీనితో పోల్చి చూస్తారు.

"పోలిస్తె ఏం తెలుస్తది?" అంది సరళ.

"అన్నీ తెలుస్తయి. పైకి ఒక్కతీర్గనే కనబడ్డా, జన్యువులు చదివితె ఏది ఎవరిదో దొరికిపోతది."

సరళ నెత్తిన ఒకే మాటలో రెండు పిడుగులు. ఆ మొండి పురుగు తన పొట్టలో ఉంది. అది తనదని రేపో మాపో దొరికిపోతుంది. దొరికిన రోజున, అబద్ధపు డబ్బా ఇచ్చిందని యమునను గెంటేస్తారు. ఆ రోజు దాకా తాను బతికుంటే అది చూడాలి. బతికుండకపోతే ఆ పిల్లను ఓదార్చడానికి తల్లి కూడా ఉండదు.

"గట్లాంటి పురుగు ఉన్నోళ్ళు ఎన్నాళ్ళు ఉంటరే?"

"నన్ను సూస్తె సచ్చెటట్టు కొడ్తున్ననా?"

"నిన్ను గాదు. ఊకె అడిగిన."

ఆ రాత్రి నుంచి సరళ తన కంచం, చెంబు వేరు పెట్టుకుంది. మరునాడు వంట చేయనంది. చేపలు పట్టడం వచ్చినవాడికి వండడం కూడా వచ్చి ఉండాలని లేదు. యాదయ్య చేసిన బొచ్చె పులుసులో చింతపండు తప్ప ఇంకేదీ తెలియలేదు.

"సెయ్యి నొస్తాందా, నా మీద కోపమా?" అని అడిగాడు.

"నా సేతిది తినకు. గంతే."

"అత్తమ్మ సేతిది తిన్న. ఇన్నేండ్లు నీ సేతిది తిన్న. ఇప్పుడేమయింది కొత్తగ?"

"తింటె తెలుస్తది."

యాదయ్య తల గోక్కుని, పక్కింటి సత్తమ్మను అడిగాడు. ఆడవాళ్ళకు ఒక వయసులో అలాగే ఉంటుందని, కొన్నాళ్ళు నోరెత్తకుండా వండుకొమ్మని ఆమె చెప్పింది. అతను నోరెత్తలేదు. మూడో పులుసుకు కాస్త ఉప్పు కూడా కుదిరింది.

అవతల యమున అద్దం ముందు నిలబడి శనివారం మాటలు వల్లె వేసుకుంటోంది. "ఇది నా నమూనా. నా దాంట్లో దొరికిన రింగు." పిల్ల "నా" అన్నప్పుడల్లా సరళ ఉలిక్కిపడుతోంది. పిల్లతో చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. యమున అద్దంలోంచి తిరిగి, "ఏందమ్మా?" అనగానే, "రొట్టె తింటవా?" అని అడిగింది. ఆ ముఖంలో వెలుగును తన చేత్తో ఆర్పడం తన వల్ల కాదు. ఎవరి చేతిలో ఉద్యోగం ఉందో వాళ్ళ కాళ్ళే పట్టుకోవాలనుకుంది.

శుక్రవారం, యమున వెళ్ళిన కాసేపటికి, సరళ ఉతికిన చీర కట్టుకుని తుర్కపల్లి ఆటో ఎక్కింది. ఎవరికీ తగలకుండా అంచున కూర్చుంది. ఎవరైనా తన వైపు జరిగితే తానే ఇంకా అంచుకు జరిగింది. పడిపోతావమ్మా అని డ్రైవరు కేకలేశాడు.

ల్యాబు గేటు దగ్గర కాపలా ఉన్నతని పేరు పరమేశ్ అని చొక్కా మీద రాసి ఉంది.

"ఎవరు గావాలె?"

"పెద్ద మేడం."

"ఏం పనమ్మా?"

"డబ్బా సంగతి."

"ఎవరన్న టిఫిన్ మర్సిపోయిన్రా? గీడ పెట్టిపోండ్రి, నేనిస్త."

"గా డబ్బా గాదు బిడ్డా," అంది సరళ, నేల చూపులు చూస్తూ. "యమున వాళ్ళమ్మ వచ్చిందని మేడంకు చెప్పు. యమునకు మాత్రం చెప్పకు."

పరమేశ్ ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగకుండా లోపలికి ఫోను చేశాడు.

పార్వతీదేవిది కాకినాడ వైపు. కొంపల్లిలో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయినా మాట మారలేదు. యమున తల్లి వచ్చిందంటే ఏం కీడు జరిగిందోనని తానే గబగబా కింది గదికి దిగి వచ్చింది. సరళ అక్కడ కుర్చీ పక్కన నిలబడి ఉంది.

"కూర్చోండమ్మా. ఏవైంది? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?"

"కూసుంటె కుర్సీకి అంటుతది మేడం."

"ఏవంటుకుంటుందండీ?"

"నా పొట్టల ఉన్నది."

ఆ తర్వాత ఆపడం సరళ వల్ల కాలేదు. డబ్బా, బండ, కాగిన నీళ్ళు, కోడి, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. పార్వతీదేవి మొదట కళ్ళద్దాలు తీసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూసి, ఏడుస్తోందనుకుని సరళ ఇంకా బెంబేలెత్తింది.

"దాని నౌకరి తియ్యకుండ్రి మేడం. దానికేం తెల్వదు. నేనే జేసిన."

పార్వతీదేవి తిరిగేసరికి ముఖంలో నవ్వు సర్దుకుంది.

"చూడండమ్మా, మీరు చేసింది చిన్న తప్పేం కాదు. రేపు ఆ పిల్ల నాది నాది అని అందరి ముందూ చెప్పేసేది. ఎవరిదో తెలీని దాన్ని పట్టుకుని మేం ఏళ్ళ తరబడి పని చేసేవాళ్ళం. చివర్లో లెక్క తప్పితే యమునకి పరువు పోయేది, నాకూ పోయేది."

"అందుకే ఇయ్యాల్నే వచ్చిన."

"వచ్చారు కాబట్టి బతికిపోయాం. ముందు కూర్చోండి. అలా అంటుకోదది." కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది. "ఒక్క మాట చెప్పండి. ఈ మధ్య మీరేవన్నా మందులు వాడారా?"

"మందు ముట్టి ఏండ్లయింది మేడం."

"మరి గొంతు నొప్పో జ్వరవో వస్తే ఏం చేస్తారు?"

"బస్టాండు కాడ దుకాణంల అడిగి తెచ్చుకుంట."

"ఏం తెచ్చుకుంటారు?"

"సగం ఎర్రగ, సగం పచ్చగ ఉంటది గద, గా గోలి. కడుపుల బాగలేకుంటె తెల్లది."

"ఎన్నాళ్ళేసుకుంటారు?"

"తగ్గెదాంక. ఒక పూట, రెండు పూటలు. మిగిలినయి దాసిపెడ్త, మల్ల ఎప్పుడన్న వస్తె పనికొస్తయని."

"అవి మందులే కదమ్మా."

సరళ ఆమె వైపు వింతగా చూసింది. "గవి మందులా? చీటీ లేదు గద."

పార్వతీదేవి ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఇద్దరిలో ఒకరైనా బాహాటంగా నవ్వడం మంచిదనుకుందేమో. నవ్వాక మెల్లగా చెప్పింది. ఆ గోలీ లోపలికి పోయినప్పుడల్లా లొంగేవి చచ్చిపోతాయి, రింగు ఉన్నవి మిగులుతాయి. మిగిలిన వాటికి చోటు దొరుకుతుంది, పక్కవాటికి నకళ్ళు పంచుతాయి. అలాగని నేరమంతా ఆ గోలీలదే అని కూడా చెప్పలేం. నీళ్ళలో వస్తుంది, కూరగాయల మీద వస్తుంది, ఆస్పత్రిలో ఎవరినో పలకరించడానికి పోతే వస్తుంది.

"రోడ్డు మీద పోయేవాళ్ళని పట్టుకుని చూస్తే చాలామందిలో ఇలాంటివి ఉంటాయండీ. నాలోనూ ఉంటాయి. పేగుల్లో ఓ మూల పడి ఉన్నంత కాలం మిమ్మల్నేం చెయ్యదు. దానికి మందు కూడా వెయ్యక్కర్లేదు. ఎప్పుడన్నా మూత్రంలో మంట, పెద్ద జ్వరం వస్తే మాత్రం దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికెళ్ళి ఇలా ఉందని చెప్పండి. సబ్బుతో చేతులు కడుక్కుని హాయిగా వండుకోండి."

"అయితె నేను సావనా?"

"అందరం పోతామమ్మా. మీరిప్పుడప్పుడే కాదు, దీనివల్ల అసలే కాదు."

అప్పుడు యమునను పిలిపించింది. తలుపు తీసి తల్లిని చూడగానే ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. నాయినకు చెరువులో ఏదైనా అయిందేమో అనుకుంది. ఇలాంటప్పుడు మాత్రం ఆమె సరళ కూతురే. సంగతంతా విన్నాక ఆమె ముందు అడిగింది ఒక్కటే.

"డబ్బా దేంతోని కడిగినవ్?"

"ఉడుకు నీళ్ళతోని."

"సబ్బు పెట్టినవా?"

"లేదు. గా చెంచ గూడ కడిగిన."

"చూశారా మేడం," అంది యమున. కోపంతో తల్లి వైపు తిరగను కూడా లేదు. "నాది అందులో కొంచెం మిగిలి ఉంటుంది. ఇప్పుడు ఆ రింగు ఆమెదని కూడా గట్టిగా చెప్పలేం."

పార్వతీదేవి ఆ పిల్లను కాసేపు చూసింది. తల్లి మీద కోపం వచ్చినప్పుడు కూడా ముందు డబ్బా గురించి ఆలోచించిన పిల్లను వదులుకునే ఉద్దేశం ఆమెకు లేనట్టు ఉంది.

"రేపటి మాట ఆపేద్దాం. నువ్విచ్చిన డబ్బా లెక్క కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి పెట్టు. ఇవాళే మళ్ళీ మొదలెట్టు. నీది వేరే, అమ్మగారిది వేరే, ఆవిడ ఒప్పుకుంటేనే. ఉద్యోగం ఎక్కడికీ పోదు. కానీ శనివారం పోయింది, చేసిన పనంతా పోయింది. అది నువ్వు మళ్ళీ చేసుకోవాల్సిందే."

"ఒప్పుకుంట," అంది సరళ, ఎవరూ అడగకముందే.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటీ మీద సరళ వెనక కూర్చుని, కూతురి భుజం పట్టుకోవాలా వద్దా అని తేల్చుకోలేక సీటు అంచు పట్టుకుంది. చెరువు కట్ట మీదికి వచ్చాక యమున బండి పక్కకు ఆపింది. కింద నీళ్ళలో ఎవరిదో తెప్ప నింపాదిగా పోతోంది.

"అందరికి చెప్పుకున్న గదనే, నాదని. నా దోస్తులందరికి ఫొటో పంపిన."

"తప్పైంది బిడ్డా."

"గంత మంచి రింగు. నా దాంట్ల ఏముంటదో ఏమో. ఏం లేకుంటె?"

సరళ ఆ మాటకు నివ్వెరపోయింది. తన కడుపులో మొండి పురుగు లేకపోతే ఎలాగని ఏడ్చే పిల్లను ఆమె ఇంతవరకు చూడలేదు. "ఉంటది తీ," అంది, ఇంకేం అనాలో తెలియక. "నీకెందుకుండదు. నా బిడ్డవు గావా."

యమున కాసేపు బిగపట్టుకుంది. తర్వాత హ్యాండిలు మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోతే, ఊపిరి ఆడడం లేదేమోనని సరళ వీపు నిమిరింది.

ఆ రోజు నుంచి మళ్ళీ వంట సరళదే అయింది. యాదయ్య కారణం అడగలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కొత్త డబ్బాలు రెండు వెళ్ళాయి. ఈసారి యమున తన డబ్బాను స్నానానికి కూడా వెంట తీసుకుపోయింది. ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన రోజు మాత్రం యమున జాగ్రత్తగా గుమ్మంలోనే ఆగి, "పొట్ట మాట గాదు, భయపడకు," అని ముందే చెప్పింది.

తల్లిది తల్లిదే, అదే పురుగు, అదే రింగు. పాత డబ్బాలో దొరికింది కూడా ఆమెదే. యమున పొట్టలో ఉన్నది వేరే జాతి పురుగు, పేరు కూడా నోరు తిరగదు. కానీ దాని లోపలి రింగు అక్షరం పొల్లుపోకుండా తల్లి పురుగులో ఉన్న రింగే. ఒకే ఇంట్లో రింగు ఒక జాతి నుంచి ఇంకో జాతిలోకి దాటింది. ఒకే ఇంటివాళ్ళను కలిపి చూడాలని మునుపు ల్యాబులో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు పార్వతీదేవి కొత్తగా చేరినవాళ్ళందరి ఇళ్ళకూ డబ్బాలు పంపిద్దామంటోంది.

"నేనే ఇచ్చిన్నా నీకు?" అంది సరళ, గుండె మీద చెయ్యి వేసుకుని.

"నువ్వే నాకిచ్చినవో, నేనే నీకిచ్చిన్నో తెల్వదు. ఇద్దరికీ ఇంకెవరన్న ఇచ్చిన్రేమో."

ఇద్దరూ ఒకేసారి యాదయ్య వైపు చూశారు. అతను వల భుజాన వేసుకుని చెరువు దారి పట్టాడు.

మళ్ళీ వచ్చిన శనివారం యమున మాట్లాడింది. సరళను కూడా రమ్మని పార్వతీదేవి కబురు పంపింది. చల్లటి పెద్ద గదిలో వెనక వరుసలో, మేడం పక్కనే కుర్చీ వేశారు. యమున సగం ఇంగ్లీషు, సగం తెలుగు మాట్లాడుతోంది. ఈసారి నాది అన్న మాట ఒక్కసారే వచ్చింది, అది కూడా ఉండాల్సిన చోటే. తెర మీద రెండు గుండ్రటి బొమ్మలు, రెండింటి మధ్య ఒక బాణం. బాణానికి రెండు వైపులా మొన ఉంది. ఎటు నుంచి ఎటు పోయిందో తెలియదని దాని అర్థమని సరళకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మొదటి బొమ్మ కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. తల్లి అన్న మాట ఆమె చదవగలిగింది. పక్కనున్నది దూరానికి ఆనలేదు.

"గాడ ఏం రాసిన్రు మేడం?"

"తల్లి, ఆరోగ్యవంతురాలు అని."

సరళ మళ్ళీ తెర వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆమెకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు, దాచిపెడుతున్నారనుకునేది. ఇప్పుడది గోడంత వెడల్పున, చదువుకున్నవాళ్ళందరి ముందూ వెలుగుతోంది. ఎవరూ కాదనడం లేదు. ఒకతను కాగితం మీద రాసుకుంటున్నాడు కూడా. ఆమెకు ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది. నడుము నిటారుగా పెట్టి కూర్చుంది. కాసేపటికి, గదిలో ఎన్ని జతల కళ్ళు ఆ మాట మీద ఉన్నాయో చూసుకుని మెల్లగా మేడం వైపు వంగింది.

"గంత పెద్దగ రాయాల్నా మేడం?"

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా గుప్పెట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు తీసుకుంది. తన చుట్టూ తనే తిప్పుకోబోతుంటే యమున చెయ్యి పట్టుకుని లాక్కుంది.

"నీకు నువ్వే దిష్టి తీసుకుంటవానే? ఇటియ్యి."

కూతురు తల్లికి తీసింది. తర్వాత తల్లి కూతురికి తీసింది, రింగు ఆమెకూ ఉంది కదా అని. యాదయ్య తనకు కూడా తియ్యమన్నాడు. ఇంకా డబ్బా ఇవ్వనివాళ్ళకు తియ్యరని యమున అంది.

పొయ్యిలో వేసిన మిరపకాయలు చిటపటమన్నాయి. ఘాటు ఇల్లంతా కమ్మేసింది. ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటూ దగ్గారు. ఘాటు వచ్చిందంటే దిష్టి ఏమీ తగల్లేదని లెక్క. యమున తలుపులు తెరిచింది. గాలి వచ్చింది, పొగ పోయింది, తల్లీ కూతుళ్ళ దగ్గు ఆగింది.

సరళ చెవి రిక్కించి యాదయ్య వైపు తిరిగింది.

"ఏమయ్యా, నీకింక తగ్గలేదేంది?"